ఇంజిన్‌లో కొత్త సౌండ్: అది దేనితో మారుతోందో ముందు చూడండి

స్పోర్ట్స్ బైకు నడిపేవాళ్లకి ఇంజిన్‌లో కొత్త సౌండ్ వినిపిస్తే పట్టుకునే టెన్షన్ అంతా ఇంతా కాదు. షెడ్డుకి తీసుకెళ్తే ఒకరు టాపెట్లు అంటారు. ఇంకో షెడ్డులో టైమింగ్ చైన్ పోయిందంటారు. మూడోచోట హాఫ్ ఇంజిన్ పని, అంటే ఇంజిన్ పై భాగం విప్పి చేసే పని, పడుతుందని తేల్చేస్తారు. ముగ్గురూ విన్నది ఒకే బండిని, ఒకే శబ్దాన్ని. వాళ్లకి పని రాదని కాదు. చెవి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎవరైనా ఇలాగే పొరబడతారు.

ఇంజిన్ కేసింగ్ అంతా అల్యూమినియం. ఒక మూల పుట్టిన దెబ్బ లోహం గుండా పాకి ఇంకో మూల గట్టిగా వినిపిస్తుంది. దాని మీద స్పోర్ట్స్ బైకుకి ఫెయిరింగ్, అంటే ఇంజిన్‌ని కప్పే ప్లాస్టిక్ తొడుగు, ఉంటుంది. అది కొన్ని శబ్దాల్ని మింగేస్తుంది, కొన్నిటిని పెంచుతుంది. నడిపేవాడు ట్యాంకు మీదకి వంగి కూర్చుంటాడు కాబట్టి అతనికి ఎయిర్ బాక్స్ గాలి పీల్చే మోతే ఎక్కువగా వినిపిస్తుంది. పక్కన నిలబడ్డవాళ్లకి వినిపించేది వేరు. ఇన్ని మార్పులయ్యాక చెవిదాకా వచ్చిన శబ్దం కట కట అందా, గల గల అందా అన్నది బలహీనమైన ఆధారం. అది దేనితో పాటు మారుతోంది అన్నదే గట్టి ఆధారం. ఆర్‌పీఎంతో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో) పెరుగుతోందా, రోడ్డు మీద వేగంతో పెరుగుతోందా? క్లచ్ పట్టుకుంటే ఆగుతోందా? ఇంజిన్ వేడెక్కితే తగ్గుతోందా, పెరుగుతోందా? థ్రాటిల్ తిప్పినప్పుడు వస్తోందా, వదిలినప్పుడా? వీటికి జవాబులు తెలిస్తే ఒక్క నట్టు విప్పకముందే అనుమానాల్లో సగం పైగా తొలగిపోతాయి.

దానికన్నా ముందు మీ బండికి సహజంగా ఉండే శబ్దాలేంటో తెలిసి ఉండాలి. యమహా ఆర్15లో మూడో వెర్షన్ నుంచి గాలి లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులకి, వాటిని నొక్కి తెరిచే క్యామ్‌లు రెండు రకాలుంటాయి. 7,400 ఆర్‌పీఎం దగ్గర ఒక సోలెనాయిడ్ (కరెంటుతో కదిలే మీట) పిన్నుని తోసి ఒక క్యామ్ నుంచి ఇంకోదానికి మారుస్తుంది. అక్కడ టిక్ మని వినిపిస్తే అది పనిచేస్తున్నట్టే. కవాసాకి నింజా 300లో రెండు పిస్టన్లు 180 డిగ్రీల తేడాతో కదులుతాయి కాబట్టి పేలుళ్ల మధ్య ఎడం సమానంగా ఉండదు. ఐడ్లింగ్‌లో అది కాస్త తడబడుతున్నట్టు వినిపించడం దాని స్వభావం. కీ తిప్పగానే ఒకటి రెండు సెకన్లు గుయ్ మనేది ఫ్యుయల్ పంప్. 916, 1098, 1198 లాంటి పాత డుకాటీల్లో ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్ ఉండేది. ఐడ్లింగ్‌లో గిన్నెలు కదిలినట్టు మోగుతుంది, క్లచ్ పట్టుకుంటే స్వరం మారుతుంది. 2001 దాకా వచ్చిన హోండా వీఎఫ్ఆర్800లో క్యామ్‌లని చైన్ బదులు గేర్లు తిప్పేవి. ఆ గేర్ల ఈల విని బేరింగ్ పోయిందనుకుంటే మంచి ఇంజిన్‌ని అనవసరంగా విప్పినట్టవుతుంది.

కాబట్టి బండి బాగున్న రోజునే ఫోన్‌లో దాని సౌండ్ రికార్డు చేసి పెట్టుకోవడం మంచి అలవాటు. చల్లగా ఉన్నప్పుడు ఒకటి, బాగా వేడెక్కాక ఒకటి. తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చుకోవడానికి అంతకంటే నమ్మకమైనది దొరకదు.

ఇంజినా, బండా?

మొదట ఆయిల్ చూడాలి. సైడ్ స్టాండ్ మీద వాలి ఉన్న బండిలో లెవెల్ తప్పుగా కనిపిస్తుంది. నిటారుగా నిలబెట్టి, ఇంజిన్ ఆపిన రెండు మూడు నిమిషాల తర్వాత చూడండి. డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే దాన్ని మరబిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది. ఆయిల్ తక్కువైతే పై భాగంలో క్యామ్‌లు, వాల్వులు ముందు గోల పెడతాయి. లెవెల్ సరిచేస్తే సౌండ్ పోయిందంటే సంతోషించి ఊరుకోకూడదు. ఆ ఆయిల్ ఎటు పోయిందో, కారిందా, కాలిందా అన్నది తేలాలి.

తర్వాత ఖాళీ రోడ్డు మీద చేయాల్సిన పరీక్ష ఒకటుంది. 50, 60 వేగంలో ఉండగా క్లచ్ పట్టుకుని థ్రాటిల్ వదిలేయండి. ఇంజిన్ ఐడ్లింగ్‌కి పడిపోతుంది, బండి మాత్రం అదే ఊపులో దొర్లుతుంటుంది. సౌండ్ అలాగే ఉంటే తప్పు ఇంజిన్‌ది కాదు. చాలావరకు చైన్, స్ప్రాకెట్, వీల్ బేరింగ్, బ్రేక్ డిస్కు, వీటిలో ఏదో ఒకటి. ఆర్‌పీఎంతో పాటు సౌండ్ కూడా పడిపోతే అప్పుడు ఇంజిన్ వైపు చూడాలి. అదే వేగంలో ఒక గేరు పైకి, ఒక గేరు కిందకి మార్చి చూసినా ఇదే తేలుతుంది. వేగం మారకుండా ఆర్‌పీఎం మాత్రమే మారుతుంది కదా.

ఫెయిరింగ్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. సర్వీసు అయ్యాక మొదలైన సౌండ్లలో చాలావాటికి కారణం తిరిగి పెట్టని ఒక రబ్బరు వాషరో, సగం బిగిసిన క్లిప్పో అయి ఉంటుంది. దీని గుర్తు ఏంటంటే, సౌండ్ ఒక ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది, కాస్త పైకి వెళ్తే మాయమవుతుంది, మళ్లీ కిందకి వస్తే వినిపిస్తుంది. ప్రతి ప్యానెల్‌కీ తన సొంత కంపన వేగం ఉంటుంది. ఇంజిన్ ఆ వేగాన్ని తాకినప్పుడు అది మోగుతుంది. బండిని నిలబెట్టి ఆ ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని, ఒక్కొక్క ప్యానెల్‌నీ చేత్తో నొక్కుతూ పోతే దొరికిపోతుంది. సైలెన్సర్ మీద హీట్ షీల్డ్ వదులైనా ఇంతే. అది కాలుతుంది కాబట్టి చేత్తో కాకుండా కర్రతో నొక్కండి. డబ్బులు పెట్టి ఇంజిన్ విప్పించే ముందు ఫెయిరింగ్ పూర్తిగా తీసేసి ఒకసారి వినాలని నేను గట్టిగా చెబుతాను.

రెండు లయలు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ లోపల ప్రధానంగా రెండు లయలు నడుస్తాయి. పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్ అయిన క్రాంక్ ఒక లయ. క్యామ్ దానికి సరిగ్గా సగం. 1,500 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో క్రాంక్ సెకనుకి 25 సార్లు తిరిగితే క్యామ్ పన్నెండున్నర సార్లు తిరుగుతుంది. సెకనుకి 25 దెబ్బలని చెవి లెక్కపెట్టలేదు, గరగర అని ఒకే ధారగా వినిపిస్తుంది. పన్నెండు దెబ్బలైతే టిక టిక అని విడివిడిగా అందుతాయి. నమ్మకం కలగకపోతే ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ కూడా కనిపించేలా వీడియో తీసి, పావు వేగంలో ప్లే చేసి లెక్కపెట్టండి. ఆర్‌పీఎంని 60తో భాగిస్తే వచ్చేది క్రాంక్ లయ. మీ సౌండ్ అందులో సగం ఉంటే అది క్యామ్, వాల్వుల వైపుది, లేదా పేలుడుతో ముడిపడ్డది. క్రాంక్‌తో సమానంగా ఉంటే అనుమానం కింది భాగం మీదకి, అంటే కనెక్టింగ్ రాడ్, క్రాంక్ బేరింగుల మీదకి వెళ్తుంది. సింగిల్ సిలిండర్ బండ్లలో ఈ లెక్క తేలిగ్గా అందుతుంది. నాలుగు సిలిండర్లుంటే దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి.

ఇక్కడ పేలుడుతో ముడిపడ్డది అన్నానే, అది ముఖ్యం. ఒక సిలిండర్‌లో రెండు క్రాంక్ చుట్లకి ఒక్క పేలుడు జరుగుతుంది. కాబట్టి పొగని సైలెన్సర్‌కి మోసే బెండ్ పైపు దగ్గర గ్యాస్కెట్ నుంచి పొగ లీకైతే ఆ టప్ టప్ కూడా సగం లయలోనే వస్తుంది. అచ్చం టాపెట్ సౌండులా ఉంటుంది. లీకని తెలియక టాపెట్లు సరిచేయించుకున్నవాళ్లు ఎంతోమంది ఉంటారు. తేడా పట్టుకోవడానికి దారి ఉంది. లీకు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, థ్రాటిల్ గట్టిగా తెరిచినప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. వేడెక్కితే లోహం వ్యాకోచించి సందు కొంత మూసుకుంటుంది కాబట్టి తగ్గుతుంది. బెండ్ పైపు సిలిండర్ హెడ్‌ని కలిసేచోట నల్లటి మసి చార ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టప టపా పేలడం కూడా కొత్తగా మొదలై ఉంటే అదీ ఈ లీకునే చూపిస్తుంది.

ఇక నిజమైన టాపెట్ సౌండ్. వాల్వుకీ, దాన్ని నొక్కే భాగానికీ మధ్య చిన్న సందు వదులుతారు. చాలా బైకుల్లో ఇది 0.10 నుంచి 0.30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సందు పెరిగితే దెబ్బ తగిలి టిక టిక అంటుంది. ఇది అందరికీ తెలుసు. సందు తగ్గిపోతే ఏమవుతుందన్నదే ఎక్కువమంది పట్టించుకోరు. సందు తగ్గితే ఇంజిన్ నిశ్శబ్దంగా మారుతుంది. స్పోర్ట్స్ బైకుల్లో వాల్వుని నొక్కే బకెట్ కింద, లేదా ఫింగర్ ఫాలోయర్ కింద షిమ్ (సందు సరిచేసే చిన్న బిళ్ల) పెట్టే ఏర్పాటు ఎక్కువ. ఇలాంటి ఇంజిన్లలో వాల్వు తన సీటులోకి కొంచెం కొంచెంగా అరిగి దిగుతుంది, దాంతో కిలోమీటర్లు పెరిగేకొద్దీ సందు తగ్గుతూ పోతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని వదిలించుకునేది ముఖ్యంగా సీటుకి ఆనుకుని ఉన్న ఆ కాసేపట్లోనే. సందు పూర్తిగా పోతే వాల్వు సరిగా మూసుకోదు, వేడి దిగదు, అంచు కాలిపోతుంది. ఆ తర్వాత కంప్రెషన్ పడిపోతుంది, బండి స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. అప్పటిదాకా ఒక్క చప్పుడు కూడా చెయ్యదు.

అందుకే ‘సౌండ్ లేదు కాబట్టి టాపెట్లు చూడక్కర్లేదు’ అన్న మాటని నేను ఒప్పుకోను. మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూడాల్సిందే. సౌండ్ వస్తోందని సందు మరీ బిగించమని మెకానిక్‌ని అడగడం ఇంకా ప్రమాదం. కాస్త టిక టిక ఉన్న టాపెట్ ఆరోగ్యంగా ఉన్నట్టు.

టైమింగ్ చైన్

స్పోర్ట్స్ బైకుల్లో ఎక్కువగా ఎదురయ్యే అసలైన జబ్బు ఇది. క్రాంక్ నుంచి క్యామ్‌లకి కదలికని మోసే చైన్ పక్కన ఒక గైడ్, దాన్ని వెనక నుంచి తోస్తూ టెన్షనర్ ఉంటాయి. చాలా బండ్లలో టెన్షనర్ దానంతటదే సర్దుకునే రకం. లోపల స్ప్రింగు ముందుకు తోస్తుంటుంది, పళ్లు గానీ, మర గానీ వెనక్కి రాకుండా ఆపుతుంటాయి. చైన్ సాగేకొద్దీ అది కాస్త కాస్త ముందుకి జరగాలి.

ఇందులో తప్పు రెండు రకాలుగా వస్తుంది. స్ప్రింగు బలహీనపడితేనో, పళ్లు అరిగితేనో టెన్షనర్ వెనక్కి జారుతుంది. లేదా చైన్ ఒక పన్నుకీ ఇంకో పన్నుకీ మధ్యన ఆగేంత సాగి ఉంటుంది. రెండో సందర్భంలో సౌండ్ కొన్ని రోజులు వచ్చి, ఒక ఉదయం దానంతటదే పోతుంది. టెన్షనర్ తర్వాతి పన్నుకి జరిగిందన్నమాట. ఈ వచ్చీ పోయే గుణమే దాని ఆనవాలు.

ఇంకో ఆనవాలు థ్రాటిల్. గట్టిగా లాగుతున్నప్పుడు చైన్‌లో ఒకవైపు బిగుతుగా ఉంటుంది. థ్రాటిల్ వదిలి ఆర్‌పీఎం దిగుతున్నప్పుడు వదులు వైపు కొట్టుకుంటుంది. కాబట్టి 3,000 నుంచి 5,000 మధ్య దిగుతున్నప్పుడు సిలిండర్ పక్కన, చైన్ ఉన్నవైపు గల గల వినిపిస్తే ముందు టెన్షనర్‌నే అనుమానించాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు సెకన్లు వినిపించి ఆగిపోతే, ముఖ్యంగా ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్ ఉన్న బండిలో, ఆయిల్ పైకి చేరేదాకా అది మామూలే. పది సెకన్లు దాటినా ఆగకపోతే మామూలు కాదు.

టెన్షనర్ మార్చడం చిన్న పనే, ఖర్చు కూడా ఇంజిన్ పనితో పోలిస్తే చాలా తక్కువ. చెయ్యకుండా వదిలేస్తే మాత్రం వదులైన చైన్ ఒక పన్ను దాటేయవచ్చు. అప్పుడు వాల్వు తెరిచి ఉండగానే పిస్టన్ పైకి వస్తుంది, రెండూ గుద్దుకుంటాయి. మార్చేటప్పుడూ ఒక జాగ్రత్త. టెన్షనర్ బయటికి తీశాక కొత్తది బిగించేదాకా సెల్ఫ్ కొట్టకూడదు, గేరులో బండి తొయ్యకూడదు. ఆ కొన్ని నిమిషాల్లోనే చైన్ పన్ను దాటిపోయిన ఇంజిన్లున్నాయి. తీసిన టెన్షనర్ రాడ్ ఎంత బయటికి వచ్చి ఉందో కూడా చూడమనండి. దాదాపు చివరిదాకా వచ్చేసి ఉంటే చైనే సాగిపోయింది, కొత్త టెన్షనర్ పెట్టినా సౌండ్ కొన్నాళ్లకే తిరిగొస్తుంది.

బోల్టుతో చేత్తో బిగించే టెన్షనర్లు కూడా దొరుకుతాయి. రేసులకి వాడేవాళ్లకి అవి ఇష్టం. రోజూ నడిపే బండికి నేను సిఫారసు చెయ్యను. కాస్త ఎక్కువ బిగిస్తే సౌండ్ పోతుంది కానీ గైడ్ అరగడం మొదలవుతుంది, ఆ విషయం ఎవరికీ వినపడదు.

క్లచ్, పిస్టన్, పెట్రోలు

న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌లో గర గర వస్తూ, క్లచ్ పట్టుకోగానే ఆగిపోతే అది క్లచ్ బాస్కెట్ గానీ, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ గానీ. క్లచ్ వదిలి ఉన్నప్పుడు ఆ షాఫ్ట్ తిరుగుతుంది, పట్టుకుంటే దాదాపు ఆగిపోతుంది కాబట్టి. పట్టుకున్నప్పుడే కొత్తగా మొదలైతే రిలీజ్ బేరింగ్. రెండు, నాలుగు సిలిండర్ల బండ్లలో ఇంకో మెలిక ఉంది. సిలిండర్లకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలు ఒకదానితో ఒకటి సింక్ తప్పితే ఒక్కో సిలిండర్ ఒక్కో బలంతో తోస్తుంది. ఆ కుదుపులకి క్లచ్ బాస్కెట్ కొట్టుకుంటుంది. వాక్యూమ్ గేజ్‌లు పెట్టి సింక్ చేస్తే సౌండ్ పోతుంది, క్లచ్ విప్పాల్సిన పని ఉండదు.

చల్లగా ఉన్నప్పుడు డబ్ డబ్ మని, వేడెక్కాక తగ్గిపోయేది పిస్టన్ సిలిండర్ గోడకి తగిలే చప్పుడు. ఫోర్జ్డ్ పిస్టన్లకి సందు కాస్త ఎక్కువ ఇస్తారు కాబట్టి వాటిలో ఇది కొంత ఉండటం సహజం. వేడెక్కాక కూడా తగ్గకుండా, సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ కూడా వస్తుంటే సిలిండర్ అరిగి బండి బోరుకి వచ్చినట్టే.

పెద్ద గేరులో తక్కువ వేగంలో వెళ్తూ ఒక్కసారిగా థ్రాటిల్ తిప్పితే చిట చిటమని గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తుందా? అక్కడ ఏ భాగమూ వదులు కాలేదు. పెట్రోలు మిశ్రమం ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే తనంతట తాను పేలుతోంది. మిశ్రమాన్ని ఎంత ఎక్కువ నొక్కితే ఈ ముప్పు అంత ఎక్కువ. ఆర్15 కంప్రెషన్ నిష్పత్తి 11.6, కేటీఎం ఆర్‌సీ 390 లాంటి బండ్లది ఇంకా ఎక్కువ. మే నెల మధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్‌లో ఇంజిన్ మరిగిపోతుండగా, నాలుగో గేరులో 25 వేగంతో లాగిస్తే ఇది రావడంలో వింత లేదు. గేరు తగ్గిస్తే వెంటనే ఆగుతుంది. గేరు తగ్గించినా ఆగకపోతే కల్తీ పెట్రోలు, పిస్టన్ మీద కార్బన్, కూలెంట్ తక్కువవడం, ఫ్యాన్ తిరగకపోవడం చూడాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇథనాల్ పెట్రోలు మీద ఈ నింద వెయ్యడం సరికాదు, ఇథనాల్‌కి ఆక్టేన్, అంటే ఇలా ముందే పేలకుండా తట్టుకునే గుణం, ఎక్కువ. దానివల్ల పాత రబ్బరు భాగాలకి, మైలేజీకి రాగల ఇబ్బంది వేరే చర్చ.

వెంటనే ఆపాల్సిన సౌండ్

కింది నుంచి, కేసింగ్ లోతుల్లోంచి బరువుగా ధన్ ధన్ అని, లోడ్ పడితే పెరుగుతూ, ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పల్చబడేకొద్దీ ఇంకా గట్టిగా మారితే అది కనెక్టింగ్ రాడ్ బిగ్ ఎండ్ బేరింగ్ (రాడ్ క్రాంక్‌ని పట్టుకునేచోట ఉండేది) కావచ్చు. టాపెట్ సౌండ్‌తో నెలల తరబడి తిరగొచ్చు. దీనితో ఇంటిదాకా కూడా నడపకూడదు. రాడ్ విరిగితే కేసింగ్ పగిలి బయటికొస్తుంది, ఆయిల్ వెనక టైరు కిందకి పోతుంది. ఆయిల్ లైటు కూడా వెలిగిందంటే రోడ్డు పక్కనే ఇంజిన్ ఆపెయ్యాలి. ‘ఒక్కసారి స్టార్ట్ చెయ్యి, విందాం’ అని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. ట్రాలీలో ఎక్కించి పంపండి.

షెడ్డులో దీన్ని నిర్ధారించుకోవడానికి పద్ధతులున్నాయి. ఎక్కువ సిలిండర్ల బండిలో ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్‌నీ తీసి కొద్ది క్షణాలు నడిపితే, దోషమున్న సిలిండర్‌లో పేలుడు ఆగి దెబ్బ తగ్గుతుంది. ప్లగ్గు కాయిల్ తీయకుండా ఇంజెక్టర్‌నే తీయడానికి కారణముంది. కాయిల్ తీస్తే కాలని పెట్రోలు సైలెన్సర్‌లో పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనని కేసింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినడం పాత పద్ధతే కానీ బాగా పనిచేస్తుంది. డాక్టర్ల స్టెతస్కోప్ లాంటిదే మెకానిక్‌లకీ తక్కువ ధరకి దొరుకుతుంది. హెడ్ కవర్, టెన్షనర్, క్లచ్ కవర్, కింది కేసింగ్, ఇలా ఒక్కోచోట పెట్టి ఎక్కడ పదునుగా వినిపిస్తుందో చూడాలి. చున్నీ, వదులు చొక్కా చేతులు చైన్ దరిదాపుల్లోకి రానివ్వకండి.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఇదంతా ఇంకా అవసరం. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే, చల్లారాక వస్తానని చెప్పండి. టెన్షనర్ గల గల, పిస్టన్ చప్పుడు, గ్యాస్కెట్ లీకు బయటపడేది చల్లటి స్టార్టులోనే. బేరింగ్ సౌండ్‌ని కప్పిపుచ్చడానికి చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్లున్నారు కాబట్టి, ఆ తర్వాత బాగా వేడెక్కేదాకా నడిపి కూడా వినండి.

చెవి తేల్చలేని చోట ఆయిల్ తేలుస్తుంది. ఆయిల్ తెల్లటి ట్రేలోకి దించి, ఫిల్టర్‌ని కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడమనండి. అయస్కాంతానికి అంటుకునే సన్నటి బూడిద లాంటి పొర మామూలు అరుగుదల. అంటుకునే ముక్కలుంటే గేర్లు గానీ, రోలర్ బేరింగ్ గానీ. అంటుకోని వెండిరంగు రజను పిస్టన్‌దో, హెడ్‌దో. నల్లటి ప్లాస్టిక్ పెళ్లలు టైమింగ్ చైన్ గైడ్‌వి. రాగి రంగు మెరుపులు కనిపిస్తే క్రాంక్ షెల్ బేరింగుల పైపొర అరిగి లోపలి పొర బయటపడినట్టు. ఎక్కువ సిలిండర్ల స్పోర్ట్స్ బైకుల్లో ఇది చూశాక ఇంజిన్ దింపడం తప్ప దారి లేదు. బేరింగులు మార్చి ఊరుకుంటే సరిపోదు. క్రాంక్ లోపలి ఆయిల్ దారులు, ఆయిల్ పంపు, ముఖ్యంగా ఆయిల్ కూలర్ పూర్తిగా కడిగించాలి, కూలర్ శుభ్రం కాదనిపిస్తే కొత్తది వెయ్యాలి. అందులో మిగిలిపోయిన రజను మొదటి స్టార్టులోనే నేరుగా కొత్త బేరింగుల్లోకి వెళ్తుంది.